పుస్తకం మూయగానే అంతా ఖాళీ అయిపోతోందా? టెక్స్ట్‌బుక్ ఇలా చదివి చూడండి

"మేడమ్, చాప్టర్ రెండుసార్లు చదివాను, చదువుతున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉంది, తీరా పరీక్షలో పెన్ను పట్టుకుంటే ఒక్క ముక్క గుర్తుకు రాలేదు." డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ ప్రతి ఇంటర్నల్ తర్వాతా ఈ మాట వింటూనే ఉన్నాను. బీకాం పిల్లలూ ఇదే అడుగుతారు, బీటెక్ చదువుతున్న మా అక్క కొడుకూ మొన్న ఇదే అడిగాడు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఇది చదివి పక్కన పెట్టేయకండి, ఈ రోజే మీ పుస్తకంలో ఏదో ఒక్క హెడ్డింగ్ మీద చేసి చూడండి.

ముందు ఒక సంగతి. మీ జ్ఞాపకశక్తిలో లోపం ఏమీ లేదు. రెండోసారి చదివేటప్పుడు ప్రతి లైనూ "ఆ, ఇది తెలిసిందే" అనిపిస్తుంది, ఆ అనిపించడమే మోసం చేస్తుంది. పెళ్లిలో ఎవరో ఎదురై పలకరిస్తారు, మొహం బాగా తెలిసిందే, పేరు మాత్రం నోటికి రాదు కదా, అలాంటిదే ఇదీ. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. మళ్లీ మళ్లీ చదివితే మొదటిది వస్తుంది, పరీక్షలో అడిగేది రెండోది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థుల మీదే దీన్ని పరీక్షించారు. ఒక చిన్న పాఠం ఇచ్చి, కొందరిని దాన్ని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ వచ్చింది, 81 శాతం, రాసినవాళ్లకు 75. వారం ఆగి పెడితే తిరగబడింది: రాసినవాళ్లకు 56, చదివినవాళ్లకు 42. రాత్రి చదువుకుని "వచ్చేసింది" అనుకుని పడుకోవడం, వారానికి ఏమీ లేకపోవడం ఎందుకో ఇందులోనే ఉంది. థియరీ ఇంతే, ఇక పనిలోకి వెళ్దాం.

ఏమేం కావాలి

టెక్స్ట్‌బుక్ కావాలి. కొత్తదే అక్కర్లేదు, హైదరాబాద్‌లో కోఠీ, విజయవాడలో లెనిన్ సెంటర్ లాంటి చోట్ల పాతవి సగం ధరకే దొరుకుతాయి. కాకపోతే కొనేముందు మీ సిలబస్‌తో చాప్టర్ల పేర్లు సరిపోతున్నాయో లేదో చూసుకోండి.

మీ సబ్జెక్టు సిలబస్ జిరాక్స్ ఒకటి, గత రెండు మూడేళ్ల ప్రశ్నపత్రాలు.

ఒక రఫ్ నోట్సు. ఒకవైపు ప్రింటైన పాత కాగితాలు కుట్టుకున్నా చాలు, ఎందుకంటే ఇందులో చాలా చించుతారు. ఒక లాంగ్ నోట్‌బుక్ విడిగా.

పెన్సిల్, రబ్బరు, రెండు రంగుల పెన్నులు. పేజీని మూయడానికి ఒక అట్టముక్క, శుభలేఖ అట్ట సరిగ్గా సరిపోతుంది.

టైమ్ చూసుకోవడానికి మామూలు గడియారం. ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటాను అంటే వద్దంటాను, టైమర్ ఆపడానికి తీసిన ఫోన్ అరగంట దాకా కింద పెట్టం. పక్క గదిలో పెట్టండి, హాస్టల్లో అయితే సైలెంట్ చేసి సూట్‌కేసులో పెట్టండి.

హైలైటర్లు అక్కర్లేదు. ఎందుకో కింద చెప్తాను.

ఒక సిట్టింగ్‌కి ఎంత చదవాలి అని అడుగుతారు. సైన్స్ అయితే గంటకు 5 లేదా 6 పేజీలు, హిస్టరీ, పొలిటికల్ సైన్స్ లాంటివైతే 8 నుంచి 10. తక్కువే అనిపిస్తుంది. ఈ పద్ధతిలో 20 పేజీల చాప్టర్‌కి మూడు నాలుగు సిట్టింగ్‌లు పడతాయి, అది ముందే తెలిసి కూర్చోండి, లేకపోతే మొదటి రోజే టెన్షన్ వచ్చి వదిలేస్తారు.

1. ముందు చాప్టర్ మొత్తం తిరగేయండి, 10 నిమిషాలు

మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టకండి. హెడ్డింగులు, సబ్ హెడ్డింగులు, బొమ్మలు, వాటి కింద రాసిన మాటలు, టేబుళ్లు, చివర ఉన్న సారాంశం, అన్నిటికంటే ముఖ్యంగా చివరి ప్రశ్నలు. తర్వాత పాత ప్రశ్నపత్రాలు తీసి ఈ చాప్టర్ నుంచి ఏం అడిగారో చూడండి. కొత్త ఊరికి వెళ్తే ముందు బస్టాండ్ ఎక్కడ, మెయిన్ రోడ్డు ఎటు అని చూసుకుంటాం కదా, అంతవరకే.

అయ్యాక పుస్తకం మూసి రఫ్ నోట్సులో నాలుగైదు ముక్కలు రాయండి: ఈ చాప్టర్‌లో మొదట ఏముంది, మధ్యలో ఏముంది, చివర ఏముంది. నేను ఉదాహరణగా విసర్జన చాప్టర్ తీసుకుంటాను, జువాలజీ వాళ్లకే కాదు, నర్సింగ్, ఫార్మసీ వాళ్లకూ ఉంటుంది. "కిడ్నీ నిర్మాణం, అందులో నెఫ్రాన్, మూత్రం తయారయ్యే మూడు దశలు, హార్మోన్ల కంట్రోల్, చివర జబ్బులు." ఇంత చాలు. (నెఫ్రాన్ అంటే కిడ్నీలో రక్తాన్ని వడపోసే అతి చిన్న గొట్టం.)

జాగ్రత్త: ఈ పది నిమిషాలు నలభై అయిపోతుంటాయి, ఏదో పేరా ఆసక్తిగా ఉండి అక్కడే ఆగిపోతాం. గడియారం చూసి ఆపేయండి.

2. హెడ్డింగుని ప్రశ్నగా మార్చండి

ప్రతి హెడ్డింగ్ పక్కన పెన్సిల్‌తో ఒకటి రెండు ప్రశ్నలు రాయండి. లైబ్రరీ పుస్తకమైతే రాయకండి, మీ తర్వాత చదివేవాళ్లున్నారు, చిన్న కాగితం చీటీ మీద రాసి ఆ పేజీలో పెట్టండి.

చాలామంది ఇక్కడ చేసే తప్పు, ప్రతిదానికీ "అంటే ఏమిటి" అని రాయడం. "నెఫ్రాన్ అంటే ఏమిటి? గుచ్ఛగాలనం అంటే ఏమిటి?" ఇవి నిర్వచనం బట్టీ పట్టడానికి దారి తీస్తాయి తప్ప ఇంకేమీ ఇవ్వవు. "ఎందుకు", "ఎలా", "ఇది లేకపోతే ఏమవుతుంది", "దీనికీ దానికీ తేడా ఏంటి" అని అడగండి. గుచ్ఛగాలనం, అంటే నెఫ్రాన్‌లో జరిగే రక్తం వడపోత, అనే హెడ్డింగ్ కింద నేనైతే ఇలా రాస్తాను: రక్తంలోంచి ఏది కిందికి దిగుతుంది, ఏది దిగదు? ఎందుకు దిగదు? ఆ తోసే ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ప్రశ్నకి జవాబు ఆ పేజీలో దొరక్కపోవచ్చు. అదేమీ తప్పు కాదు, కొట్టేయకండి, పక్కన ఒక గుర్తు పెట్టి క్లాసులో అడగండి. మాకు అలాంటి ప్రశ్న వస్తే ఆ రోజు క్లాసు బాగుంటుంది, నిజంగా చెప్తున్నాను.

3. ఒక్క హెడ్డింగ్ మాత్రమే చదవండి, అంకె కనిపిస్తే ఆగండి

మీ ప్రశ్నకి జవాబు వెతుకుతూ ఒక హెడ్డింగ్ వరకే చదవండి. మొదటిసారి చదివేటప్పుడు గీతలు గీయకండి. ఏది ముఖ్యమో ఇంకా తెలియదు కాబట్టి అన్నీ ముఖ్యంగానే కనిపిస్తాయి, పేజీ అంతా పసుపు రంగు అయిపోతుంది, పేజీ అంతా రంగేస్తే ఏదీ గుర్తుపెట్టుకోమని చెప్పనట్టే. హైలైటర్ వద్దన్నది అందుకే. చెయ్యి ఊరుకోకపోతే మార్జిన్‌లో పెన్సిల్‌తో రెండే గుర్తులు: అర్థం కాని చోట ప్రశ్నార్థకం, ఆశ్చర్యం వేసిన చోట ఒక చుక్క.

ఎక్కడైనా అంకె కనిపిస్తే మాత్రం కళ్లు జారిపోనివ్వకండి. పుస్తకంలో "రెండు మూత్రపిండాల్లో కలిపి నిమిషానికి సుమారు 125 మి.లీ. వడపోత జరుగుతుంది" అని ఒక వాక్యం ఉంటుంది. అందరూ దాన్ని చదువుతారు, కొందరు కింద గీత గీస్తారు, ముందుకు వెళ్లిపోతారు. మీరు పెన్ను తీసి లెక్క వేయండి. 125ని 60తో, మళ్లీ 24తో గుణిస్తే 1,80,000 మి.లీ., అంటే రోజుకు 180 లీటర్లు. మనకి రోజూ వచ్చే మూత్రం ఎంత? లీటరున్నర అటూ ఇటూ. మరి మిగతా 178 లీటర్లు ఏమైపోయాయి? ఇంకోటి, మన ఒంట్లో ఉన్న రక్తమే మొత్తం 5 లీటర్లు, అందులో ప్లాస్మా 3 లీటర్లు, అంత తక్కువలోంచి 180 లీటర్లు ఎలా వడపోశారు? అంటే ఉన్న ఆ మూడు లీటర్లే రోజుకు 60 సార్లు ఆ దారిన తిరుగుతున్నాయన్నమాట. ఇక్కడిదాకా వచ్చినవాళ్లకి తర్వాతి హెడ్డింగ్ "పునఃశోషణం", అంటే వడపోసినదాన్ని తిరిగి రక్తంలోకి తీసుకోవడం, ఎందుకుందో ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్లే దాని కోసం పేజీ తిప్పుతారు. ఒక్క అంకె దగ్గర రెండు నిమిషాలు ఆగినందుకు వచ్చిన లాభం ఇది.

హిస్టరీలో అంకెల బదులు సంవత్సరాల దగ్గర ఆగండి. రెండు సంఘటనల మధ్య ఎన్నేళ్లు, ఈలోపు ఏం జరిగింది అని అడగండి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి

ఇది కాస్త ఎక్కువ చెప్పాలి. నేనూ పదో తరగతి దాకా కాదు, ఇంటర్ దాకా తెలుగు మీడియమే. డిగ్రీ ఫస్టియర్‌లో ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్ పక్కన డిక్షనరీ పెట్టుకుని, తెలియని ప్రతి మాట మీదా పెన్సిల్‌తో అర్థం రాసేదాన్ని. గంటన్నరకు ఒక పేజీ అయ్యేది, పేజీ నిండా అర్థాలు ఉండేవి, ఆ పేజీలో ఏం చెప్పారంటే మాత్రం చెప్పలేకపోయేదాన్ని. ఎన్నో రాత్రులు అలా పోయాయి, మీవి పోకూడదని చెప్తున్నాను.

తెలియని మాటకి సున్నా చుట్టి ముందుకు వెళ్లండి, పేరా పూర్తి చేయండి. చివరికి వచ్చేసరికి సగం మాటలు వాటంతటవే తెలిసిపోతాయి. మిగిలినవాటిలో రెండుసార్ల కంటే ఎక్కువ వచ్చినవీ, వాక్యాన్ని ఆపేస్తున్నవీ మాత్రమే చూడండి. పేజీకి ఐదుకి మించి వద్దు.

ఇంటర్ తెలుగు మీడియం పుస్తకం, తెలుగు అకాడమీ వేసింది, మీ దగ్గర ఉంటే పారేయకండి. కష్టమైన చాప్టర్‌కి ముందు అందులో అదే పాఠం పావుగంట చదివి, తర్వాత ఇంగ్లిష్ పుస్తకం తెరవండి. కొన్నిచోట్ల తెలుగు మాటే తేలిక చేస్తుంది. నెఫ్రాన్‌లోకి రక్తం తెచ్చే నాళం అఫరెంట్, తీసుకుపోయేది ఎఫరెంట్, క్లాసులో వింటే రెండూ ఒకేలా వినిపిస్తాయి, పరీక్షలో ఏడాదికి కనీసం పదిమంది తారుమారు చేస్తారు. తెలుగులో అభివాహి, అపవాహి. అభిముఖం అంటే ఎదురుగా, వైపుగా, అపహరించడం అంటే తీసుకుపోవడం. ఇక మర్చిపోవడం కష్టం. రాసేది ఇంగ్లిష్‌లోనే రాయండి, ఆలోచించేది మాత్రం ఏ భాషలో తేలికైతే ఆ భాషలో.

4. పుస్తకం మూయండి, గుర్తున్నది రాయండి

మిగతావన్నీ మానేసినా ఇదొక్కటి చేయండి. హెడ్డింగ్ అయిపోగానే పుస్తకం మూసి, రఫ్ నోట్సులో తెల్ల పేజీ తీసి, ఐదు నిమిషాలు గుర్తున్నదంతా రాయండి. వాక్యాలు సరిగ్గా ఉండనక్కర్లేదు, తెలుగూ ఇంగ్లిషూ కలిసినా ఫర్వాలేదు, బాణాలు, బొమ్మలు, ఏదైనా. రెండు నిమిషాలకే ఆగిపోతుంది, తల గోక్కుంటారు, పుస్తకం తెరవాలని చెయ్యి లాగుతుంది. తెరవకండి. ఇంకో నిమిషం కూర్చోండి. ఆ గింజుకోవడంలోనే పాఠం మనసులో పట్టు దొరకబుచ్చుకుంటుంది.

తర్వాత పుస్తకం తెరిచి, రెండో రంగు పెన్నుతో వదిలేసినవి చేర్చండి, తప్పులు దిద్దండి. ఆ రెండో రంగే మీరు నిజంగా చదవాల్సిన భాగం. మొత్తం మళ్లీ చదవక్కర్లేదు, ఆ ముక్కలే చదవండి.

ఇది పని చేసే తీరు ఒక కాగితం మీద చూపిస్తాను. సెకండియర్ అమ్మాయి ఒకరు విసర్జన చాప్టర్ మూడుసార్లు చదివాను, అంతా వచ్చు అంది. స్టాఫ్ రూమ్‌లో కూర్చోబెట్టి తెల్లకాగితం ఇచ్చాను. చక్కటి చిక్కుడుగింజ ఆకారంలో కిడ్నీ వేసింది, కప్పులా బౌమన్ గుళిక (నెఫ్రాన్ మొదట్లో ఉండే భాగం) వేసింది, దాంట్లోంచి ఒక బాణం తిన్నగా మూత్రాశయంలోకి గీసింది. పక్కన "రక్తం వడపోత అయ్యి వ్యర్థాలు మూత్రంగా పోతాయి" అని రాసింది. పైపైన చూస్తే తప్పేం లేదనిపిస్తుంది. "మరి గ్లూకోజ్ కూడా వడపోతలో దిగుతుందిగా, అది మూత్రంలో ఎందుకు రాదమ్మా?" అని అడిగితే కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ ఒక్క బాణం కింద పునఃశోషణం మొత్తం, స్రావం (రక్తంలోంచి నాళికలోకి ఇంకొన్నిటిని వదలడం) మొత్తం మాయమైపోయాయి, నెఫ్రాన్‌లో మెలికలు తిరిగిన నాళిక అంతా ఎందుకుందో ఆ బొమ్మలో చోటే లేదు. మూడుసార్లు చదివినా ఆ ఖాళీ ఆమెకి కనపడలేదు, ఐదు నిమిషాలు రాస్తే కనపడింది. రబ్బరు తీసుకుని బాణం చెరిపి, నాళిక గీసి, అందులోంచి చుట్టూ ఉన్న రక్తనాళాల్లోకి చిన్న చిన్న బాణాలు తనే వేసుకుంది. షుగర్ జబ్బులో మూత్రంలో గ్లూకోజ్ ఎందుకు కనిపిస్తుందో కూడా అప్పుడే తను చెప్పింది: వెనక్కి తీసుకునే శక్తికి ఒక హద్దు ఉంది, 100 మి.లీ. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 మి.గ్రా. దాటితే మిగిలింది బయటికి వచ్చేస్తుంది.

రాయడం బద్ధకంగా ఉంటే పైకి చెప్పండి. అమ్మకి చెప్పండి, తమ్ముడికి చెప్పండి, వినేవాళ్లు లేకపోతే గోడకి చెప్పండి. అమ్మ మధ్యలో "అంటే ఏంట్రా" అని ఆపుతుంది చూడండి, అక్కడ మీకూ సరిగ్గా తెలియదని అర్థం. హాస్టల్లో పక్కవాళ్లు విసుక్కుంటారు అనుకుంటే డాబా మీద నడుస్తూ చెప్పుకోండి.

జాగ్రత్తలు రెండు. పుస్తకం పక్కన తెరిచి పెట్టుకుని "గుర్తున్నది" రాయడం ఎత్తిరాయడమే, చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు. ఇంకోటి, మనసులోనే "ఆ, నాకు వచ్చు" అనుకుని దాటేయడం. కాగితం మీదకో నోట్లోకో వస్తేనే వచ్చినట్టు లెక్క.

5. నోట్సు ఇప్పుడు రాయండి, ముందు కాదు

చదువుతూ చదువుతూ నోట్సు రాస్తే పుస్తకం మళ్లీ చేత్తో ప్రింట్ చేసినట్టే అవుతుంది. పైన చెప్పిన దిద్దుబాటు అయ్యాకే లాంగ్ నోట్‌బుక్ తీయండి. పేజీకి ఎడమవైపు మూడో వంతు వదిలి నిలువు గీత గీయండి. కుడివైపు జవాబులు మీ మాటల్లో, ఎడమవైపు రెండో స్టెప్‌లో రాసుకున్న ప్రశ్నలు. కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ప్రొఫెసర్ నేర్పిన పద్ధతి ఇది, ఆ యూనివర్సిటీ పేరుతోనే పిలుస్తారు. ఎడమవైపు ప్రశ్నలు ఎందుకంటే, రివిజన్‌లో కుడివైపు అట్టముక్కతో మూసి జవాబు చెప్పుకోవచ్చు.

పది పేజీల పాఠానికి పేజీ, పేజీన్నర నోట్సు చాలు. నాలుగైదు పేజీలు అయిందంటే మళ్లీ ఎత్తిరాస్తున్నారు. నిర్వచనాలు, సూత్రాలు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయండి, అక్కడ సొంత మాటలు వద్దు. టెక్స్ట్‌బుక్‌లో గీతలు గీయాలనుంటే ఇప్పుడు గీయండి, పేరాకి ఒక్క లైను.

బొమ్మలు చూడకుండా వేయండి, తర్వాత పక్కన పెట్టి పోల్చండి.

6. లెక్కలున్న సబ్జెక్టులు: అట్టముక్క పద్ధతి

అకౌంటెన్సీ, మ్యాథ్స్, ఫిజిక్స్ వాళ్లు చేసే పెద్ద తప్పు, చేసి ఉన్న లెక్కని కథలా చదవడం. చదువుతుంటే ప్రతి స్టెప్పూ న్యాయంగానే కనిపిస్తుంది. ప్రశ్న మాత్రం కనపడేలా ఉంచి, జవాబు మీద అట్ట పెట్టండి. మొదటి లైను మీరు రాయండి, అట్ట ఒక్క లైను కిందికి జరపండి, సరిపోల్చండి, మళ్లీ రాయండి. ఎక్కడ ఆగారో అక్కడ "ఈ స్టెప్ ఎందుకు" అని పక్కన ఒక ముక్క రాయండి.

తరుగుదల, అంటే వాడుతున్న కొద్దీ మెషిన్ విలువలో ఏటా తగ్గించి చూపే మొత్తం, తీసుకోండి. మెషిన్ 1,00,000 రూపాయలు, స్క్రాప్ విలువ 10,000, వాడే కాలం 9 ఏళ్లు. స్థిర వాయిదాల పద్ధతిలో ఏటా 10,000. అయిపోయింది, వచ్చింది అనుకుంటాం. ఇప్పుడు ప్రశ్నని మీరే మార్చండి. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 10 శాతం అయితే? మొదటి ఏడు 10,000, రెండో ఏడు 9,000, మూడో ఏడు 8,100. ఇదే పద్ధతిలో, మెషిన్‌ని జూలై 1న కొని, ఖాతా పుస్తకాలు మార్చి 31న ముగిస్తే? మొదటి ఏడు 9 నెలలే, కాబట్టి 7,500, మిగిలిన 92,500 మీద రెండో ఏడు 9,250. పరీక్షలో మార్కులు పోయేది ఈ తేదీ దగ్గరే, పద్ధతి రాక కాదు. ఒక లెక్కని మూడు రకాలుగా మార్చి చేస్తే, అలాంటివే పది చేసినదానికంటే మేలు అని నా నమ్మకం.

7. మళ్లీ ఎప్పుడు చూడాలి

మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకి ఒకసారి, వారం పది రోజులకి ఒకసారి, తర్వాత మిడ్స్ ముందు. ప్రతిసారీ పది నిమిషాలే, ఎడమవైపు ప్రశ్నలు మాత్రమే చూస్తూ. రాని ప్రశ్నకి చుక్క పెట్టండి. మూడు చుక్కలు పడినదాన్ని మళ్లీ టెక్స్ట్‌బుక్‌లో చదవండి, మిగతావి వదిలేయండి. ఒకేరోజు నాలుగుసార్లు చూస్తే ఈ ఫలితం రాదు, మధ్యలో కొంచెం మర్చిపోవడం కూడా ఇందులో భాగమే, దానికి కంగారు పడకండి.

ఇంకా ఎక్కువగా కనిపించే తప్పులు

ముందే వీడియో చూడటం. వీడియోలో చెప్పేవాళ్లు చక్కగా చెప్తారు, మనకి వచ్చేసినట్టు ఉంటుంది, పుస్తకం మళ్లీ తెరవం. ముందు మీరు చదివి, రఫ్ నోట్సులో ప్రశ్నార్థకాలు పెట్టుకుని, వాటి కోసం వీడియో చూడండి.

గైడ్లు, ఆల్ ఇన్ వన్‌లు. అవి చెడ్డవని అనను. పది మార్కుల జవాబు ఎలా పేర్చాలో, సైడ్ హెడ్డింగులు ఎలా పెట్టాలో చూడటానికి పనికొస్తాయి. టెక్స్ట్‌బుక్ చదివాక చూడండి. గైడ్‌తోనే మొదలుపెడితే ప్రశ్న కాస్త తిప్పి అడిగినా చేతులెత్తేయాల్సి వస్తుంది. సీనియర్ల నోట్సూ అంతే, వాళ్లు ఏం వదిలేశారో మీకు తెలియదు.

గ్రూప్ స్టడీలో ఒకరే చెప్పి మిగతావాళ్లు వినడం. చెప్పినవాళ్లకే వస్తుంది. హెడ్డింగులు పంచుకుని వంతులవారీగా చెప్పండి, వినేవాళ్లు తప్పనిసరిగా ఒక "ఎందుకు" అడగాలని రూలు పెట్టుకోండి.

ఫోన్‌లో పీడీఎఫ్. వేరే దారి లేకపోతే తప్పదు, కానీ చదివే హెడ్డింగ్ వరకు నెట్ ఆపేసి, మూయాల్సిన టైమ్‌లో ఫోన్ బోర్లా పెట్టండి. ముఖ్యమైన చాప్టర్లయినా జిరాక్స్ తీయించుకోగలిగితే మంచిది.

పరీక్ష మూడు రోజుల్లో ఉంటే

అప్పుడు పైన చెప్పిన వరస అంతా కుదరదు. తిరగేసి చేయండి. పాత ప్రశ్నపత్రాల నుంచి ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలు ఎనిమిదో పదో తీసుకోండి. చదవకుండానే ఒక్కోదానికీ మూడు నిమిషాలు తెలిసింది రాయండి, తర్వాత ఆ జవాబున్న పేజీలు మాత్రం చదవండి, మూసి మళ్లీ రాయండి. రాత్రంతా మేలుకోవద్దు, నిద్ర లేకపోతే చదివిందీ పోతుంది.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

మర్నాడు ఉదయం, పుస్తకం ముట్టుకోకముందు, తెల్లకాగితం మీద నిన్నటి హెడ్డింగ్ రాయండి. నోట్సులో ఉన్న ముఖ్యమైన పాయింట్లు పది అనుకుంటే ఆరేడు వస్తే బాగున్నట్టే. నాలుగు లోపు వస్తే మీరు నాలుగో స్టెప్‌లో తొంగి చూశారు, లేదా ఒకేసారి ఎక్కువ పేజీలు చదివారు. పేజీలు తగ్గించండి.

వారానికి ఒకసారి పాత పేపర్లోంచి ఒక పది మార్కుల ప్రశ్న తీసి, 20 నిమిషాలు గడియారం పెట్టుకుని రాయండి. తెలిసినా టైమ్‌కి రాకపోతే అది వేరే సమస్య, రాయడం ప్రాక్టీస్ కావాలి, మళ్లీ చదవడం కాదు.

మూడోది, ప్రశ్నని మార్చి అడుక్కోండి. "అభివాహి నాళం సన్నబడిపోతే వడపోత ఏమవుతుంది?" పుస్తకంలో ఈ వాక్యం ఉండకపోవచ్చు, కానీ ఒత్తిడి సంగతి అర్థమైనవాళ్లు "లోపలికి వచ్చే రక్తం తగ్గుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, వడపోత తగ్గుతుంది" అని చెప్పేస్తారు. బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

మొదటి వారం ఫలితం సరిగ్గా కనపడదు, పైగా ముందుకంటే నెమ్మదిగా సాగుతున్నట్టు ఉంటుంది. రెండు వారాలు చూడండి. అప్పటికీ అదే చాప్టర్ దగ్గర కాగితం ఖాళీగానే ఉంటే, ఆ రెండు రంగుల కాగితాలన్నీ పట్టుకుని మీ లెక్చరర్ దగ్గరికి వెళ్లండి. "సార్, ఈ చాప్టర్ అర్థం కాలేదు" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో మాకూ తెలియదు. "ఈ బాణం దాకా వచ్చింది, ఇక్కడి నుంచి రావట్లేదు" అని కాగితం చూపిస్తే పది నిమిషాల పని.